సముద్రం దాటి వచ్చిన మన్ను

సౌదీలోని రాస్ తనూరాలో ఆ రోజు మిట్టమధ్యాహ్నమే పొద్దు గుంకినట్టయింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న మహబూబ్బీ తలెత్తి చూస్తే ఉత్తరం దిక్కంతా నల్లగా ఉంది. వానమబ్బు అనుకుని గబగబా బట్టలు తీయబోయింది. కానీ ఆ మబ్బుకు ఉరుము లేదు, చల్లగాలి లేదు. మాడిన నూనె వాసన మాత్రం ఉంది. చేతిలోని తెల్ల దుప్పటి మీద నల్లచుక్కలు ఒకటొకటే పడుతున్నాయి. ఒకదాన్ని వేలితో తుడవబోతే జిడ్డుగా సాగి గీత పడింది.

అది 1991. కువైట్‌లో యుద్ధం ఆగిపోయింది గానీ, అక్కడ అంటించిన చమురు బావులు ఇంకా ఆరలేదు. వందల బావులు మండుతున్నాయని రేడియోలో చెప్పేవాళ్ళు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ పొగ తీరం వెంబడే దిగివచ్చేది. అంతకుముందు చలికాలమంతా సైరన్లు, ఆకాశంలో మెరుపులు, ముక్కుకూ నోటికీ తగిలించుకోమని పంచిన రబ్బరు ముసుగులు. అవన్నీ చూసి కూడా జడవని మహబూబ్బీ ఈ పొగకు జడిసింది. తన కోసం కాదు, కింది గదిలో పడుకున్న ముసలామె కోసం.

ఆ ముసలామెను అందరూ ఉమ్ సాలిహ్ అని పిలిచేవాళ్ళు, అంటే సాలిహ్ తల్లి అని. సాలిహ్ చమురు రేవులో ఉద్యోగి. తల్లిని చూసుకోవడానికే అతను కఫీలుగా, అంటే వీసాకు పూచీదారుగా, నిలబడి మహబూబ్బీని రప్పించుకున్నాడు. ఉమ్ సాలిహ్‌కు ఉబ్బసం. మామూలు రోజుల్లో పీల్చే మందుతో నెట్టుకొచ్చేది. పొగ దిగిన రోజు మాత్రం ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

ఆ కూతలు మహబూబ్బీకి కొత్త కాదు. ఆమెది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. భర్త జిలానీ రాళ్ళను పిండి కొట్టే మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. "సూడు, అప్పుడే ముసిలోణ్ణయి పోయినా" అని నవ్వేవాడు. ముసలితనం రాకముందే ఆ పిండి ఊపిరితిత్తుల్లో పేరుకుని, నలభై నిండకుండానే పోయాడు. చివరి ఏడాదంతా అతని వీపు నిమురుతూ కూర్చున్న మహబూబ్బీకి ఊపిరి ఎట్లా ఎక్కుతుందో, ఎక్కడ చిక్కుకుంటుందో చెవులతోనే తెలిసిపోయేది. ఆ తర్వాత అన్న మౌలాలి తెలిసినవాళ్ళను పట్టుకుని వీసా తెప్పిస్తే సౌదీ చేరింది.

ఆ నల్ల మధ్యాహ్నం ఉమ్ సాలిహ్ మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలెగరేస్తూ గాలి కోసం వెతుక్కుంది. డాక్టరు వచ్చి సూది వేసి, సాలిహ్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఈ బావులు ఆరడానికి ఇంకెన్ని నెలలు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆమెను పొగ లేని చోటికి పంపించు."

"ఎక్కడికి పంపేది?" అన్నాడు సాలిహ్.

మంచం మీది ముసలామె కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది. "ఎక్కడికేమిట్రా? నా దీవికి."

ఆమె పుట్టింది, మెట్టింది, పిల్లల్ని కన్నది అన్నీ ఫరసాన్ దీవిలోనే. దేశానికి ఆ చివర, ఎర్రసముద్రంలో, జిజాన్ రేవుకు ఎదురుగా ఉంటుంది ఆ దీవి. భర్త పోయాక కొడుకు బలవంతం మీద రాస్ తనూరా వచ్చిందే తప్ప ఆమె మనసెప్పుడూ అక్కడే. "చుట్టూ నీళ్ళు, మధ్యలో మేము. ఆ గాలికి మలినం ఎక్కడిది?" అనేది. డాక్టరు కూడా సముద్రపు గాలి మంచిదేనన్నాడు. ఆ వేసవి రాకముందే మహబూబ్బీ ముసలామె చెయ్యి పట్టుకుని జిజాన్ విమానం ఎక్కింది.

జిజాన్ నుంచి చెక్క పడవలో పోవాలి. రాయచోటి పిల్లకు సముద్రమంటే భయం. కళ్ళు మూసుకుని కలిమా చదువుకుంటూ కూర్చుంది. ఉమ్ సాలిహ్ ఆమె తొడ మీద తట్టింది. "కళ్ళు తెరువు బింతీ. ఇంత అందాన్ని చీకట్లో పెట్టుకుంటావా?"

'బింతీ' అంటే 'నా బిడ్డ' అని. మహబూబ్బీ కళ్ళు తెరిచింది. పడవ కింద నీళ్ళు ఆకుపచ్చ గాజులా ఉన్నాయి. అడుగున పగడపు గుట్టలు, వాటి మధ్య పసుపు చారల చేపలు. పడవ నీడ వాటి మీదుగా జారుతుంటే చేపలు బెదిరి పక్కకు తప్పుకుంటున్నాయి. దీవి చేరేసరికి ముసలామె ఊపిరి పసిబిడ్డ ఊపిరంత మెత్తగా ఆడుతోంది.

ఇల్లు పగడపు రాయితో కట్టింది. గోడలు మందం, కిటికీలు చిన్నవి, మధ్యలో వాకిలి. పక్కింట్లో యహ్యా అనే జాలరి, అతని భార్య. వాళ్ళే ఇంటి తాళాలు తీసి, ఊడ్చి, నీళ్ళు నింపి పెట్టారు. మొదటి రెండు నెలల్లో ఉమ్ సాలిహ్‌కు పీల్చే మందుతోనే పని పడలేదు. సాయంత్రాలు రేవు దాకా నడిచేది. మసి మాటే మరచిపోయారు ఇద్దరూ.

జూన్ నడిమికి వచ్చాక ఒక పొద్దున ముసలామె గుమ్మంలో నిలబడి గాలి వాసన చూసింది. "పాత దుప్పట్లు తీసి ఉంచు. తలుపు సందుల్లోకి గుడ్డలు చింపి పెట్టు. గుబ్రా వచ్చే రోజులు."

"గుబ్రా అంటే ఏమి ఉమ్మా?"

"దుమ్ము గాలి."

మహబూబ్బీకి నవ్వొచ్చింది. "చుట్టూరా సముద్రమే కదా! నీళ్ళలో నుంచి దుమ్ము లేస్తుందా?"

ఉమ్ సాలిహ్ నవ్వలేదు. "నేనూ కొత్తకోడలుగా నా మొగుణ్ణి ఇదే అడిగాను. ఆయన పడవ మీద అవతలి ఒడ్డుకు, సువాకిన్ రేవుకు పోయివచ్చేవాడు. అది ఆఫ్రికా, సూడాన్ దేశం. అక్కడ తోకర్ అనే చోట ఒక నది ఉందట. కొండల్లో వానలు పడితే మన్నంతా మోసుకొచ్చి, సముద్రం దగ్గర పరిచేసి ఎండిపోతుందట. వేసవిలో కొండల సందులోంచి గాలి తోసుకొచ్చి ఆ మన్నును ఎత్తుకుంటుంది. ఎత్తుకున్నది దించడానికి దానికి నేల దొరకదు. సముద్రం మీద దించితే దించుతుంది, లేకపోతే మన నెత్తిన దించుతుంది."

మహబూబ్బీ నమ్మలేదు. పెద్దవాళ్ళు చెప్పే కతల్లో ఇదొకటనుకుంది. నాలుగు రోజుల తర్వాత సన్నగా మొదటి గాలి వచ్చింది. ఆకాశం పలచని పాల టీ రంగుకు తిరిగింది. సాయంత్రానికి గిన్నెల మీద, దిండ్ల మీద, ఖర్జూరపు ఆకుల మీద మెత్తని పొర. మహబూబ్బీ చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇసుకైతే గరగరలాడాలి. ఇది ఇసుక కాదు. పిండిలా జారిపోతోంది. నాలుక కొనకు అంటించుకుంటే మన్ను రుచి, ఉప్పు రుచి కలిసి తగిలాయి.

తన ఊరి దగ్గర మాండవ్య ఏరు ఎండిపోయినప్పుడు పాయల్లో పగిలి పెళ్ళలు లేచే ఒండ్రు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆ పెళ్ళల్ని కాలితో తొక్కితే ఇట్లాగే పొడిపొడిగా ఎగిరేది. ఇది ఏటి ఒండ్రే. సందేహం లేదు. కానీ ఈ దీవిలో ఏరు లేదు, వాగు లేదు. మహబూబ్బీ వేళ్ళ వైపు, పడమటి సముద్రం వైపు మార్చి మార్చి చూసింది. ఆ నీళ్ళకు అంతు కనపడడం లేదు.

జూలైలో వచ్చింది అసలు గాలి.

పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు అయిపోయిన వేళ. మహబూబ్బీ మిద్దె మీద ఎండుచేపలు తిరగేస్తోంది. అంతవరకూ రేవులో అరుస్తున్న పక్షులు ఒక్కసారి నోరు కట్టుకున్నాయి. గాలి ఆగిపోయింది. తలెత్తితే పడమట సముద్రం మీద గోడ నిలబడి ఉంది.

గోడ అనడం కంటే వేరే మాట లేదు దానికి. నీళ్ళ మీద నుంచి లేచి, ఆకాశం సగం దాకా పోయి, ఉత్తరం నుంచి దక్షిణం దాకా పరుచుకుంది. అడుగున ఇటుక రంగు, పైపైకి పోనుపోను గోధుమ రంగు, అంచున బంగారపు జలతారు. అది కదులుతున్నట్టు కూడా లేదు. కానీ దూరంగా ఉన్న జాలరి పడవ ఒకటి చూస్తూ చూస్తుండగానే అందులో కలిసిపోయింది. ఆ తర్వాత ఇంకొకటి. సూర్యుడు దాని వెనక్కి పోయి, తెల్లటి బిళ్ళలా మారాడు. మహబూబ్బీ జీవితంలో మొదటిసారి కన్నార్పకుండా సూర్యుణ్ణి చూసింది. భయపడాలన్న సంగతే తట్టలేదు ఆమెకు. చేతిలో చేప పట్టుకుని, నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయింది. కొండ నడిచి వస్తుంటే ఎట్లా ఉంటుందో ఆమె కళ్ళారా చూస్తోంది. ఆ కొండకు చప్పుడు లేదు.

"బింతీ!" కింద నుంచి ముసలామె కేక. "దిగు, దిగు!"

మెట్లు దిగి తలుపు మూసేలోగా గాలి ఇంటిని గుద్దింది. ఖర్జూరపు మట్టలు విరిగిన చప్పుడు. తడిగుడ్డలు తలుపు సందుల్లో కుక్కింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. అయినా ఆ దుమ్ముకు అడ్డేముంది? సూది బెజ్జం దొరికినా చాలు. గది మధ్యలో లాంతరు వెలిగిస్తే వెలుగు చుట్టూ పసుపు పొగమంచులా సుడి తిరిగింది. కాసేపటికి కరెంటు పోయింది. తీగల్ని నిలబెట్టే పింగాణీ గిన్నెల మీద ఉప్పుతడి, దాని మీద దుమ్ము పేరుకుంటే కరెంటు మన్ను మీద పాకి కొట్టుకుపోతుందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఉమ్ సాలిహ్ మొదట మందు పీల్చి నిలదొక్కుకుంది. ఆ తర్వాత పిల్లికూతలు వచ్చాయి. మహబూబ్బీ తడి తువ్వాలు ఆమె ముఖానికి పట్టి, వీపు నిమురుతూ చెవి పెట్టి విన్నది. కూతలు ఉన్నంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉంది. ఒక్కసారి ఆ కూతలు కూడా సన్నబడ్డాయి. ఛాతీ ఎగురుతోంది కానీ లోపల చప్పుడు లేదు. జిలానీ ఛాతీ కూడా ఇట్లాగే నిశ్శబ్దమైంది, ఆఖరున.

"లేదు ఉమ్మా, ఇట్ల కాదు" అని తెలుగులోనే అని లేచింది మహబూబ్బీ. ముఖానికి తడి చున్నీ చుట్టుకుని, తలుపు తీసి బయటపడింది. బయట పగలూ కాదు, రాత్రీ కాదు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు. పగడపు రాతి గోడను తడుముకుంటూ పక్కింటికి పోయి తలుపు బాదింది.

యహ్యాకు పాత పికప్ బండి ఉంది. విషయం విని వెంటనే భార్యతో సహా బయల్దేరాడు. ముసలామెను దుప్పటిలో చుట్టి ముగ్గురూ ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. దీపాలు వేస్తే ఎదురుగా ఇటుక రంగు గోడే తప్ప దారి లేదు. యహ్యా తల బయటపెట్టి చూసి, "అమ్మా, రోడ్డు ఎక్కడుందో నాకు కనపడటం లేదు" అన్నాడు. పుట్టి పెరిగిన ఊరి దారి అతనికి కనపడలేదు.

"నేను ముందు నడుస్తాను. నా వెనకాలే రండి" అంది మహబూబ్బీ.

చెప్పులు విడిచి పారేసింది. తారు రోడ్డు అంచు మీద కాలు పెట్టింది. ఒక పాదం కింద గరుకైన వేడి తారు, ఇంకో పాదం కింద మెత్తటి ఇసుక. ఆ రెంటి సరిహద్దు తప్పకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ కదిలింది. వెనక బండి దీపాలు ఆమె తెల్ల చున్నీ మీద పడుతున్నాయి. ఆ తెల్లదనాన్నే పట్టుకుని యహ్యా బండి నడిపాడు. గాలి తోసినప్పుడల్లా ఒంగి నిలదొక్కుకునేది. పళ్ళ మధ్య మన్ను, చెవుల్లో మన్ను. ఇన్ని వందల మైళ్ళ సముద్రం మీద ఎగిరివచ్చి కూడా దీనికి అలుపు లేదా అనిపించింది. ఎదురుగా ఏదో నల్లగా అడ్డమొస్తే చెయ్యి చాపింది. ఆసుపత్రి గేటు ఇనుప కమ్మీ.

అది చిన్న ఆసుపత్రి. వరండా నిండా మనుషులు. పసిపిల్లలు, ముసలివాళ్ళు, సముద్రం నుంచి ఎట్లాగో ఒడ్డుకు చేరిన జాలర్లు. అందరి కనుబొమ్మలూ ఒకే రంగు. ఎటు చూసినా దగ్గు. ఆషా అనే నర్సు ముసలామెను చూడగానే చక్రాల కుర్చీ లాక్కొచ్చింది. డాక్టర్ ఉస్మాన్ సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, మందును పొగగా మార్చి ఇచ్చే మిషన్ మూతికి తగిలించాడు. మిషన్ గురగురలాడింది. మహబూబ్బీ ముసలామె వీపుకు చెవి ఆనించి కూర్చుంది. చాలాసేపటికి, ఎక్కడో లోతున, సన్నగా పిల్లికూత వినపడింది. ఆ కూత వినపడ్డందుకు ఆమె ఏడ్చింది.

అంతలో దీపాలు మినుకుమన్నాయి. మిషన్ గురగుర నీరసించింది. వెనకవైపు షెడ్డులోంచి జనరేటరు దగ్గుతున్న చప్పుడు. ఎవరో తెలుగులో తిట్టుకుంటున్నారు.

"నీ అవ్వ! గిప్పుడే ఆగాల్నా నువ్వు?"

మహబూబ్బీ పరిగెత్తింది. షెడ్డులో తలకు రుమాలు చుట్టుకున్న మనిషి జనరేటరు గాలి పీల్చే డబ్బా విప్పుతున్నాడు. పేరు భోజన్న, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. ఆసుపత్రి ఏసీలు, జనరేటరు చూసుకుంటాడు.

"ఏమైందన్నా?"

తెలుగు విని అతను తిరిగి చూశాడు. "ఏమైతది చెల్లె, దీనికి గూడ దమ్ము లేసింది. గాలి గుంజుకునే జాలీ నిండ మన్నే. దులిపి పెడ్త, మల్ల నిండుతది. కొత్తది పెడ్దామంటె పడవ వచ్చేదాక లేదు."

"మాయమ్మ మిషన్ ఆగిపోతాంది! ఏమన్నా చేయల్ల అన్నా!"

"మనిషికైతే ముక్కుకు తడిబట్ట కడ్తం. దీనికి గూడ గదే చెయ్యాలె. షెడ్డు జాలీ గోడకు తడి దుప్పట్లు అడ్డం కడితె మన్ను ఆన్నే ఆగుతది. గని గడియకోపాలి ఉతుకుడు, మార్చుడు. గది నా ఒక్కని చేతుల లేదు."

డాక్టర్ ఉస్మాన్‌కు చెబితే వెంటనే ఉన్న దుప్పట్లన్నీ తీయించాడు. "మూడింట ఒకవంతు జాలీ వదిలి కట్టండి, మిషన్‌కు గాలి ఆడాలి" అని తానే నిలబడి చూశాడు. మహబూబ్బీ బకెట్ల దగ్గర కూర్చుంది. యహ్యా భార్య వచ్చి చేరింది. వరండాలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎవరో కూడా తెలియని ఆడవాళ్ళు, ఎవరి భాష వాళ్ళది. ఒకరు దుప్పటి తడిపితే ఒకరు పిండారు, ఇంకొకరు పరిగెత్తి భోజన్నకు అందించారు. తెల్లగా పోయిన దుప్పటి కాసేపటికే గోడకు పూసిన బంకమన్నులా బరువెక్కి వచ్చేది. నీళ్ళలో ముంచితే వానాకాలపు ఏటి నీళ్ళ రంగు తిరిగేది. బకెట్ అడుగున చిక్కటి ఒండ్రు దిగేది.

ఆ అడుగు మన్నును చేత్తో తీసి పారబోస్తూ మహబూబ్బీ ఆగిపోయింది. దోసెడు మన్ను. ఈ దోసెడు ఒకప్పుడు ఏదో కొండ. వానకు కరిగి, ఏరై, ఎండి, ఎగిరి, సముద్రం దాటి ఆమె చేతిలోకొచ్చింది. ఇది పీల్చేనా ఉమ్మ ఊపిరి ఆగబోయింది? కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఆ పని చేసినవాడు ఎంత పెద్దవాడో అన్న దిగ్భ్రమ ఒక్కటే మిగిలింది. "సుబ్హానల్లా" అనుకుని మళ్ళీ దుప్పటి అందుకుంది.

జనరేటరు దగ్గుతూ దగ్గుతూనే నడిచింది. మిషన్ ఆగలేదు.

తెల్లారేసరికి గాలి తగ్గింది. ఉమ్ సాలిహ్ దిండుకు ఆనుకుని కూర్చుని, ఆక్సిజన్ గొట్టంతోనే, కాఫీ ఇవ్వమని సైగ చేసింది. డాక్టర్ ఉస్మాన్ ఆమె ఛాతీ చూసి తల ఊపి, పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. రాత్రంతా ఆయన కూడా నిద్రపోలేదు. కోటు మీద వేలితో గీస్తే గీత పడేటంత దుమ్ము. దాన్ని చూసుకుని చిన్నగా నవ్వాడు.

"ఇది ఎక్కడిదో తెలుసా అమ్మా? నేను పోర్ట్ సూడాన్‌లో పుట్టాను. మా మేనమామది తోకర్. అక్కడ పత్తి పండిస్తారు. బరకా నది వరదలో తెచ్చి పరిచి పోయిన ఈ మన్నులోనే. నేను పనికోసం సముద్రం దాటి వచ్చాను. మా పొలం నన్ను వెతుక్కుంటూ వెనకాలే వచ్చింది."

మహబూబ్బీ ముసలామె వైపు చూసింది. ముసలామె కళ్ళు మెరిశాయి. 'చెప్పానా?' అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

షెడ్డు గుమ్మంలో కూర్చుని చాయ్ తాగుతున్న భోజన్నకు మహబూబ్బీ ఆ మాట చెప్పింది. అతను గ్లాసు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. రాలిన దుమ్మును చాలాసేపు చూశాడు.

"సూడు చెల్లె. మనకు రానీకి ఏజెంటు గావాలె, వీసా గావాలె, కఫీలు గావాలె. దీనికి ఈడ ఉండనీకి ఇకామా లేకపాయె, పాస్‌పోర్టు లేకపాయె. గాలి ఒక్కటి సరిపాయె" అని నవ్వాడు. గ్లాసు మళ్ళీ అందుకుంటూ అన్నాడు. "మా దిక్కు ఎండల్ల సుడిగాలి లేస్తె ఊరు దాటంగనే పడిపోతది. గిదేం గాలో గని, దేవుని గాలే."

కొన్ని రోజులకు ముసలామె కోలుకుంది. ఒక సాయంత్రం ఆమె పట్టుబడితే మహబూబ్బీ రేవుకు తీసుకుపోయింది. తుఫాను వెళ్ళిపోయాక గాలి కడిగినట్టుంది. ఒడ్డున నీళ్ళ మీద ఇంకా పలచగా ఎర్రటి మీగడ తేలుతోంది. అల వచ్చినప్పుడల్లా కొంత కరిగి లోపలికి దిగుతోంది. ఆ దిగేచోట చిన్నచేపలు గుంపులు గుంపులుగా మూతులు తెరిచి తిరుగుతున్నాయి.

"మనం పీలిస్తే చస్తాం. సముద్రం తింటే బతుకుతుంది" అంది ఉమ్ సాలిహ్. "మా ఆయన ఎప్పుడూ అదే అనేవాడు. గుబ్రా గట్టిగా వీచిన ఏడు వలలు బరువుగా వస్తాయని. నిజమో కాదో నాకు తెలియదు. ఆయన మాత్రం దుమ్మును తిట్టేవాడు కాదు."

ఆ తర్వాత కువైట్ బావులన్నీ ఆర్పేశారని సాలిహ్ ఫోన్ చేశాడు. తిరిగి రమ్మన్నాడు. ముసలామె రానంది. "ఇక్కడ దుమ్ము ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. ముందుగానే గుడ్డలు తడిపి పెట్టుకుంటాను. మనుషులు అంటించే మంట ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?" అంది. మహబూబ్బీ కూడా ఆమెతోనే ఉండిపోయింది. తర్వాతి ఏళ్ళలో ఆసుపత్రికి కొత్త జనరేటరు వచ్చింది, అదనపు జాలీలు వచ్చాయి. గుబ్రా నెలల ముందే డాక్టర్ ఉస్మాన్ ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇళ్ళకు మందులు పంపించేవాడు. ఇంట్లో అన్నిటికంటే లోపలి గదిని మహబూబ్బీ ఆ నెలల కోసమే సిద్ధం చేసేది. పడమటి ఆకాశం పాల టీ రంగుకు తిరిగితే చాలు, పక్కిళ్ళవాళ్ళు కూడా పసిపిల్లల్ని తీసుకుని ఆ గదికే వచ్చేవాళ్ళు. అందరూ తడి తువ్వాళ్ళు పట్టుకుని గుంపుగా కూర్చుంటే, ఉమ్ సాలిహ్ సువాకిన్ కథలు చెప్పేది.

మహబూబ్బీ మాత్రం తలుపు మూసే ముందు ఒక్క క్షణం మిద్దె మీదికి పోయి వచ్చేది. ఎన్నిసార్లు చూసినా ఆ గోడ లేవడం ఆమెకు పాతపడలేదు.

ఉమ్ సాలిహ్ ఆరేళ్ళ తర్వాత చలికాలంలో, ఆకాశం అద్దంలా ఉన్న ఒక పొద్దున, కాఫీ తాగి పక్కకు ఒరిగి పోయింది. దుమ్ము లేదు, పొగ లేదు, ఆయాసం లేదు. ఆమె వయసు అయిపోయింది, అంతే. కొడుకు వచ్చి మట్టి చేసి, మహబూబ్బీని తన పిల్లల దగ్గర ఉంటావా అని అడిగాడు. ఆమె వద్దంది. ఇల్లు సర్దడం, కాగితాలు పూర్తికావడం, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించడం అయ్యేసరికి మళ్ళీ జూలై వచ్చింది. యహ్యా పడవలో జిజాన్ దాకా దింపాడు. భోజన్న రేవు దాకా వచ్చి, "పైలం చెల్లె" అని కండ్లు తుడుచుకున్నాడు.

జిజాన్ నుంచి జిద్దాకు పోయే విమానంలో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన సునీత అనే అమ్మాయి. గోదావరి జిల్లా పిల్ల, అబహాలో పని ముగించుకుని తనలాగే ఇంటికి పోతోంది. విమానం పైకి లేచి, తీరం వెంబడే ఉత్తరానికి తిరిగింది. కొంత దూరం కింద నీలి సముద్రమే. తర్వాత ఆ నీలం మీద ఒక గోధుమరంగు చారిక మొదలైంది.

మహబూబ్బీ ముఖం అద్దానికి ఆనించింది. అవతల, ఎక్కడో కనుచూపుకు ఆఖరున, ఆఫ్రికా తీరం లేత గీతలా ఉంది. ఆ గీత మీద ఒక్క చోటు నుంచి, కుండ మూతి నుంచి పోసినట్టు, దుమ్ము బయటికి వస్తోంది. పుట్టినచోట సన్నగా, రానురాను విసనకర్రలా విచ్చుకుని, సముద్రం అడ్డంగా దాటుతోంది. అంచులు నది ఒడ్డంత తీరుగా ఉన్నాయి. కింద ఓడ ఒకటి నీలి నీళ్ళలో నుంచి ఆ దుమ్ములోకి పోతూ, చీమంత నలుసులా కనపడి మాయమైంది. దానిపైన ఆకాశం నిర్మలంగా, వెలుగుగా ఉంది. కింద నిలబడి చూస్తే లోకాన్ని మింగే గోడలా ఉండేది, పైనుంచి చూస్తే ఏటి పాయలా మెల్లగా, నిదానంగా సాగుతోంది.

ఆ గోడకు మొదలు ఎక్కడో, తుది ఎక్కడో ఆమె ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు రెండూ ఒక్కచూపులో ఇమిడిపోయాయి. ముసలామె భర్త పడవ మీద నుంచి చూసి చెప్పిన మాట, ఉస్మాన్ డాక్టరు మేనమామ పొలం, బకెట్ అడుగున దిగిన ఒండ్రు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోవాలనిపించలేదు.

"ఏమైందండీ అక్కా? ఒంట్లో బాగోలేదా?" సునీత భుజం పట్టుకుంది.

మహబూబ్బీ వెనక్కి ఒరిగి, ఆ పిల్లకు చోటిచ్చి, కిటికీ వైపు చెయ్యి చూపింది. సునీత ఆమె మీదుగా వంగి చూసింది.

"అమ్మ బాబోయ్! ఏంటండీ అది? సముద్రం మీద రోడ్డేశారా?"

"సరిగ్గా సూడు" అంది మహబూబ్బీ, ఆ పిల్ల తలను మెల్లగా అద్దానికి దగ్గర చేస్తూ. "యాడి నుంచి యాడికి పోతాందో సూడు."

ఇద్దరూ తలలు ఆనించుకుని, ఆ చారిక రెక్క వెనక్కి జారిపోయేదాకా చూస్తూనే ఉన్నారు.